నెల్డా ఉండని ఇల్లు

2022 మార్చి రెండో వారంలో వచ్చిన ఉత్తరాన్ని నెల్డా ప్రూయిట్ మూడుసార్లు చదివింది. మొదటిసారి వాకిట్లో తపాలా పెట్టె దగ్గర నిలబడి, అద్దాలు లేకుండా. రెండోసారి వంటింట్లో కూర్చుని, అద్దాలు పెట్టుకుని. మూడోసారి పక్క జిల్లాలో ఉండే చెల్లెలు జోయిస్‌కి ఫోన్ చేసి, పైకి.

ఇళ్ళ పన్నుల ఆఫీసు వాళ్ళు మర్యాదగానే రాశారు. 2015 ఆగస్టు నుంచి ఆమె ఆ ఇంట్లో కాపురం ఉండటం లేదని కాగితాల వల్ల తెలుస్తోందట. కాబట్టి పెద్దవాళ్ళకిచ్చే పన్ను మినహాయింపు ఆమెకి చెల్లదట. కాదనుకుంటే ఏప్రిల్ ఇరవయ్యారున పన్ను ఫిర్యాదులు వినే బోర్డు ముందుకొచ్చి చెప్పుకోవచ్చట.

"ఉండటం లేదా? మరి మొన్న ఆదివారం ఆ ఇంట్లో నాకు కోడికూర వడ్డించింది ఎవరు, నీ దయ్యమా?" అంది జోయిస్.

నెల్డాకి నవ్వు రాలేదు. ఆ తారీకు ఎక్కణ్ణించి పుట్టిందో ఆమెకి తెలుసు. జోయిస్‌కీ తెలుసు, కాకపోతే కాస్త ఆలస్యంగా గుర్తొచ్చింది.

ఆ మినహాయింపు సంగతి పెకాన్ ఫోర్డ్‌లో అరవై అయిదు దాటిన ప్రతి మనిషికీ కంఠతా వచ్చు. అరవై అయిదు నిండిన ఏడు ఇంటి ధర ఎంత ఉందో చూసి, ఊరి బళ్ళ ఖర్చుకని ఇంటి మీద వేసే బడి పన్నుని అక్కడే ఆపేస్తారు. ఆ తర్వాత ధర ఆకాశాన్నంటినా పన్ను పెరగదు. ఒకటే షరతు, ఆ ఇల్లు వదిలి కదలకూడదు. కదిలితే తెగిపోతుంది. తిరిగొచ్చి మళ్ళీ అర్జీ పెట్టుకుంటే, అర్జీ పెట్టిన నాటి ధర మీద కొత్తగా మొదలు. నెల్డాకి అరవై అయిదు నిండిన 2014లో ఆమె ఇంటి ధర అరవై ఎనిమిది వేల డాలర్లు. ఇప్పుడు ఆఫీసు వాళ్ళు కట్టింది మూడు లక్షల పదివేలు.

ఆ రెండు అంకెలకీ మధ్య ఉన్నది ఒక కుర్రవాడు.

జొరెల్ టాలివర్‌ని నెల్డా మొదటిసారి చూసింది బస్సు అద్దంలో. ఇరవయ్యేడేళ్ళు ఆమె బడి బస్సు నడిపింది. డ్రైవరుకి ముందున్న రోడ్డు ఎంత తెలుస్తుందో తలమీది అద్దంలో వెనక సీట్లూ అంతే తెలుస్తాయి. ఒకరోజు నది దగ్గర మలుపు తిరుగుతుండగా, ఆరో తరగతి పిల్లవాడొకడు చిట్టచివరి సీట్లోంచి ఆపిల్ విసిరాడు. అది పదకొండు వరసల మీదుగా, ఏ తలకీ తగలకుండా వచ్చి, ముందు సీట్లో ఉన్న స్నేహితుడి ఒళ్ళో పడింది. బస్సు తిరుగుతున్న వంపుని కూడా వాడు లెక్కలోకి తీసుకున్నాడు. నెల్డా బండి పక్కకి ఆపి, లేచి వెళ్ళి, ఇంకోసారి విసిరితే నడిరోడ్డు మీద దింపేస్తానంది. ఇంకోసారి విసరమని అడగాలనిపించిన మాట మాత్రం నిజం.

వాడి పదిహేనో ఏటికి ఆ చెయ్యి సంగతి ఊరంతటికీ తెలిసిపోయింది. హైస్కూలు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి, బంతి విసిరి ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ అయ్యాడు. టెక్సస్‌లో అలాంటి ఊళ్ళో ఆ స్థానంలో నిలబడేవాడంటే, జట్టు మొత్తం వాడి కళ్ళలోకి చూస్తుంది, ఊరు మొత్తం వాడి చేతివంక చూస్తుంది. తల్లి షరీస్ వృద్ధుల ఆశ్రమంలో రాత్రి డ్యూటీ చేసేది. ఉన్నది తల్లీకొడుకులిద్దరే. ఆ వేసవిలో వాళ్ళుంటున్న అద్దింటిని యజమాని అమ్ముకున్నాడు. వాళ్ళు పెట్టుకోగల అద్దెకి ఇల్లు దొరికేది నది అవతల, గ్రేడీ బడి హద్దుల్లో మాత్రమే. పిల్లవాడి తల్లి ఎక్కడ కాపురముంటే పిల్లవాడు అక్కడి జట్టుకే ఆడాలి. గ్రేడీ అంటే పెకాన్ ఫోర్డ్‌కి నలభై ఏళ్ళ శత్రువు.

కోచ్ డబ్ హాస్కెల్ టోపీ చేత్తో పట్టుకుని నెల్డా ఇంటికి వచ్చాడు. వస్తూ ఒక బుట్టెడు పీచ్ పళ్ళు తెచ్చాడు.

"మిస్ నెల్డా, మీ ఇల్లు పెద్దది," అన్నాడు.

"ఇల్లు పెద్దది కాదు కోచ్. నేనొక్కదాన్నే మిగిలాను," అంది నెల్డా.

భర్త గార్లండ్ పోయి అప్పటికి ఏడు నెలలు. ఆ ఇల్లు ఇద్దరూ కలిసి కట్టుకున్నది. చెక్క గోడలు అతను కొట్టాడు, రంగులు ఆమె వేసింది. పిల్లలు పుట్టలేదు. రెండు గదులు తల్లీకొడుకులకి ఇస్తానని నెల్డా అడక్కముందే అంది. కానీ గదులిస్తే చాలదని కోచ్ వివరించాడు. ఒక ఇంట్లో రెండు కుటుంబాలుంటే క్రీడల సంఘం వాళ్ళకి అనుమానం వస్తుంది, గ్రేడీ వాళ్ళు ఫిర్యాదు రాయడానికి కలం పట్టుకుని కూర్చున్నారు. మొత్తం ఇల్లు షరీస్‌కి అద్దెకిచ్చినట్టు కాగితం కావాలి. కరెంటు, నీళ్ళు షరీస్ పేరు మీదికి మారాలి. నెల్డా డ్రైవింగ్ లైసెన్సు మీద జోయిస్ ఇంటి చిరునామా ఉండాలి.

ఆ చుట్టుపక్కల ఇది వింత సంగతేం కాదు. కొడుకు ఆట కోసం చర్చి వెనక డబ్బా ఇల్లు అద్దెకి తీసుకున్న పళ్ళ డాక్టరుండేవాడు. భార్యాభర్తలు కాగితం మీద విడిపోయి, ఆటల కాలం అయిపోగానే మళ్ళీ కలిసిన ఇల్లు కూడా ఉంది. అందరికీ తెలుసు, ఎవరూ అనరు. అయినా నెల్డా అడిగింది, ఇది అబద్ధం కాదా అని.

"వారంలో ఒకరోజు జోయిస్ ఇంట్లో పడుకోండి. నిజమైపోతుంది," అన్నాడు కోచ్.

అప్పుడు ఆమె నవ్వింది. ఆ మరుసటి సోమవారమే వెళ్ళి లైసెన్సు మార్పించుకుంది.

మూడేళ్ళు. తన పడకగది షరీస్‌కి ఇచ్చి, వెనకాల కుట్టుమిషను గదిలో ఇరుకు మంచం వేసుకుంది నెల్డా. పొద్దున్న అయిదున్నరకి కుర్రవాడు కసరత్తుకి పోవాలి, తల్లి డ్యూటీ దిగి వచ్చేసరికి ఏడవుతుంది. అందుకని నాలుగు గుడ్లు, మాంసం ముక్కలు, పాలగ్లాసు సిద్ధం చెయ్యడం నెల్డా పనే. ఆట ఎత్తుల అట్టలు ఆమె పట్టుకుంటే వాడు తింటూ అప్పజెప్పేవాడు. ఉప్పు సీసా, మిరియాల సీసా, చక్కెర డబ్బా బల్ల మీద బారులు తీరేవి. "ఇప్పుడు వీడు లోపలికి వస్తే బంతి ఎవరికిస్తావు?" అని ఆమె చక్కెర డబ్బాని జరిపేది. "మీకే ఇస్తానండి మిస్ నెల్డా, మీ మీదికి ఎవడొస్తాడు?" అనేవాడు వాడు.

క్రీడల సంఘం మనిషి ఒక్కసారి వచ్చాడు, వస్తున్నట్టు ముందురోజు తెలిసింది. నెల్డా తన పళ్ళపొడి, చెప్పులు, మాత్రల డబ్బా, గార్లండ్ ఫోటో అన్నీ సంచిలో వేసుకుని, కారు తీసుకుపోయి చర్చి చెట్ల కింద రెండు గంటలు కూర్చుంది. ఇంటావిడ ఎక్కడ ఉంటుందని అడిగితే, వాళ్ళ చెల్లెలుగారింట్లో ఉంటుందండి అని జొరెల్ తడుముకోకుండా చెప్పాడట. ఆ సాయంత్రం ఆ మాట చెబుతూ షరీస్ పొట్ట పట్టుకుని నవ్వింది. వాడు మాత్రం నవ్వలేదు. కంచంలోంచి తలెత్తకుండా, మళ్ళీ ఎవరైనా వస్తే అమ్మ చెప్పాలి, నేను చెప్పను అన్నాడు.

2017 డిసెంబరులో పెకాన్ ఫోర్డ్ రాష్ట్రంలో మొదటి స్థానం గెలిచింది. నలభై ఒక్క ఏళ్ళలో మొదటిసారి. ఆ తర్వాత వాడు పెద్ద యూనివర్సిటీకి వెళ్ళాడు, షరీస్ కూడా ఆ నగరంలోనే పని చూసుకుని కొడుకు దగ్గరికి పోయింది. నెల్డా తన పడకగదిలోకి తిరిగొచ్చింది. లైసెన్సు సంగతి అడిగితే, గ్రేడీ వాళ్ళ కడుపుమంట ఇంకా చల్లారలేదు, ఒకటి రెండేళ్ళు అలాగే ఉండనివ్వండి అన్నాడు కోచ్. ఆ తర్వాత ఆయనే ఎక్కడో కాలేజీలో పెద్ద జీతానికి కుదిరి వెళ్ళిపోయాడు. లైసెన్సు జోయిస్ ఇంటి చిరునామాతోనే ఉండిపోయింది. ఇంట్లోనే ఉంటున్న మనిషికి ఇంట్లో ఉన్నట్టు కాగితం కావాలని తోచలేదు.

ఇక ఊరు మారడం మొదలైంది. అంతకుముందు పెకాన్ ఫోర్డ్‌లో ఇల్లు అమ్మాలంటే బోర్డు వాకిట్లో పాతి, అది ఎండకి వెలిసేదాకా ఆగాలి. గెలిచిన ఏడాది తిరక్కుండా ఎక్కడెక్కడి నుంచో తండ్రులు కొడుకుల్ని వెంటేసుకుని దిగారు. ఈ బడి హద్దుల్లో ఏ కొంప దొరికినా సరే అన్నారు. పత్తిచేల స్థానంలో 'చాంపియన్స్ రిడ్జ్' అని రాతి గుమ్మాల కాలనీ లేచింది. డోనట్ల కొట్టు దగ్గర మగవాళ్ళు ఒకప్పుడు ఆటల అంకెలు చెప్పుకునేవాళ్ళు, ఇప్పుడు ఇళ్ళ అంకెలు చెప్పుకునేవాళ్ళు. నీటితొట్టి వీధిలో మూల ఇల్లు రెండు లక్షల పదికి పోయిందట. కాదు, రెండు ముప్పైకి, చూడకుండానే కొన్నారట. జట్టు ఓడిన వారం ధర తగ్గుతుందా అని ఒకాయన వేళాకోళమాడితే, ఇళ్ళు అమ్మిపెట్టే అతను నవ్వకుండా, కొంచెం తగ్గుతుంది అన్నాడు. మహమ్మారి వచ్చి నగరాలవాళ్ళు కూడా పల్లెల మీద పడ్డాక ఇక పట్టపగ్గాలు లేవు.

నెల్డా ఆ అంకెల్ని ఎక్కడో దూరాన మంచు పడుతోందన్న కబురు విన్నట్టు వినేది. అమ్మేవాళ్ళకి కదా ధర. ఉండేవాళ్ళకి ఇల్లే.

ఉత్తరం వచ్చాక ఆమె పన్నుల ఆఫీసుకి వెళ్ళింది. గుమాస్తా పిల్ల మంచిది, ఒకప్పుడు ఆమె బస్సెక్కినదే. కంప్యూటర్ తెర తిప్పి చూపించింది. బడి ఫైల్లో ఉన్న అద్దె కాగితం, లైసెన్సు, కరెంటు పేరు మార్పు మూడూ ఒకే మాట చెబుతున్నాయి. మీరు ఇంట్లోంచి కదలనే లేదని రుజువైతే పాత పన్నే నడుస్తుంది, లేదంటే వెనకటి ఏళ్ళ తేడా, జరిమానా, ఇక ముందు ఏటేటా ఇప్పటి ధర మీద పన్ను అంది. ఆ మొత్తం చూస్తే నెల్డా పింఛనులో తిండికి మిగిలేది కూడా ఉండదు.

"ఆ అద్దె కాగితం ఉత్తుత్తిదని చెప్పేయండి మిస్ నెల్డా. చర్చివాళ్ళు, చుట్టుపక్కలవాళ్ళు ఇద్దరు ముగ్గురు సాక్ష్యం చెబితే చాలు," అంది ఆ పిల్ల గొంతు తగ్గించి.

"చెబితే ఎక్కడ రాస్తారు?"

"అంతా రికార్డవుతుంది. ఎవరైనా అడిగి చూసుకోవచ్చు."

గ్రేడీలో ఒక పత్రిక ఉంది. ఆ పత్రికాయన ఏడేళ్ళుగా ఆ అద్దె కాగితం మీదే కన్నేసి ఉన్నాడు. ఆ కాగితం అబద్ధమైతే ఆ మూడేళ్ళూ జొరెల్ ఆడకూడని ఆటలే ఆడినట్టు. గెలిచిన కప్పు వెనక్కి పోతుంది. ఇప్పుడు వాడు కప్పు గెలిచిన పిల్లవాడు మాత్రమే కాదు. యూనివర్సిటీలో నాలుగేళ్ళు ఆడి, వృత్తి జట్లు కుర్రాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్ ముంగిట్లో నిలబడి ఉన్నాడు. ఆ డ్రాఫ్ట్ ఏప్రిల్ ఇరవయ్యెనిమిదిన మొదలు. బోర్డు విచారణకి రెండు రోజుల తర్వాత.

విచారణ ముందరి ఆదివారం షరీస్ వచ్చింది. నాలుగు గంటలు కారు నడుపుకుంటూ, పక్క సీట్లో నిమ్మకాయ కేకు పెట్టుకుని. లోపలికొచ్చి నెల్డాని గట్టిగా కావలించుకుంది. తన పాత కుర్చీలోనే కూర్చుంది. మోకాళ్ళు అరిగాయట, అయినా ఆశ్రమం పని ఇంకా మానలేదట, ఒక ముసలాయన రోజూ ఆమెని చచ్చిపోయిన తన అక్క అనుకుంటాడట. జొరెల్ గురించి మాత్రం తక్కువ చెప్పింది. జట్లవాళ్ళు మూడో విడతలోనో నాలుగో విడతలోనో తీసుకుంటారంటున్నారట. ఒక జట్టువాళ్ళు వాడి ఎనిమిదో తరగతి టీచరుకి కూడా ఫోన్ చేసి, ఎలాంటివాడని అడిగారట.

"ఒక మచ్చ కనబడితే పక్కవాణ్ణి తీసుకుంటారు మిస్ నెల్డా. వరసలో మూడొందల మంది ఉన్నారు," అంది.

నెల్డా కేకు కోసి పెట్టింది. ఇద్దరూ ముట్టుకోలేదు.

"విచారణ సంగతి నీకెవరు చెప్పారు?"

"జోయిస్ ఫోన్ చేసింది. మీకు సాయం చెయ్యమని." షరీస్ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "నేను మిమ్మల్ని ఏమీ అడగడానికి రాలేదండి."

"తెలుసు."

"నా దగ్గర డబ్బులుంటే ఈ పూటే ఇచ్చేదాన్ని. లేవు. వాడికి వచ్చాక ఇప్పిద్దామంటే, ఎందుకమ్మా అంటాడు, చెప్పాలి. చెబితే వాడు ఊరుకోడు, మీకు తెలుసు వాడి సంగతి. ఆ కప్పు మనది కాదని తనే వెళ్ళి పదిమందిలో చెప్పేస్తాడు." కేకు పళ్ళెం పక్కకి జరిపింది. "ఇరవయ్యేళ్ళు మనుషుల మలమూత్రాలు ఎత్తానండి. నాలుగు రోజులు. నాలుగు రోజులు ఎవరూ ఏమీ అనకుండా ఉంటే చాలు."

ఏమీ అడగడానికి రాలేదని చెప్పిన మనిషి, అడగాల్సిందంతా అడిగేసింది. నెల్డాకి కోపం రాలేదు. వస్తే బాగుండు అనుకుంది. పదిహేనేళ్ళ కొడుకుని పెట్టుకుని, వస్తువులన్నీ నల్లటి చెత్తసంచుల్లో కట్టుకుని, ఇదే వాకిట్లో నిలబడ్డ మనిషి కళ్ళ ముందు కనబడింది. ఇల్లు పోవడమంటే ఏమిటో ఈ బల్ల దగ్గర కూర్చున్న ఇద్దరికీ తెలుసు. ఒకరికి పోయింది, ఒకరికి పోబోతోంది.

"కేకు తిను," అంది నెల్డా. "అంత దూరం ఖాళీ కడుపుతో నడపకు."

మంగళవారం పదింటికి బోర్డు కూర్చుంది. పొడుగాటి బల్ల వెనక ముగ్గురు. ఒక రిటైరైన టీచరమ్మ, గడ్డీ దాణా కొట్టు లానీ బెక్, ఇంకొకాయన ఎవరో కొత్తగా వచ్చినవాడు. లానీ కొడుకు ఆ గెలిచిన జట్టులో జొరెల్ ముందు నిలబడి అడ్డుకాసినవాడే. నెల్డా చెయ్యెత్తి ప్రమాణం చేసింది. ఆమెకి ముందు వచ్చినావిడ తన ఇంటి ధర తగ్గించమని పైకప్పు ఫోటోలు తెచ్చింది, ఆమె ఇంకా కళ్ళు తుడుచుకుంటూ తలుపు దగ్గరే ఉంది.

కొత్తాయన కాగితాలు చదివాడు. 2015 ఆగస్టు నుంచి 2018 జూన్ దాకా మీరు ఈ ఇంట్లో ఉన్నారా లేదా అని అడిగాడు.

నెల్డా జవాబు చెప్పేలోపల లానీ దగ్గి, కుర్చీ ముందుకి జరిపాడు. "మిస్ నెల్డా, తొందరపడకండి. అప్పుడప్పుడు చెల్లెలి దగ్గరికి వెళ్ళొస్తుండేవారు, అంతేగా? చుట్టపుచూపుగా? మీరెక్కడుంటారో ఈ ఊళ్ళో కుక్కలకి కూడా తెలుసు."

అతను ఆమెకి తాడు విసురుతున్నాడు. పట్టుకోవచ్చు. కానీ చుట్టపుచూపు అంటే, మరి ఇల్లంతా అద్దెకిచ్చిన కాగితమేమిటని కొత్తాయన అడుగుతాడు. అడగడానికి ఆయన అప్పటికే పెన్ను తెరిచాడు.

"చుట్టపుచూపు కాదు లానీ," అంది నెల్డా. "జోయిస్ ఇంట్లోనే ఉండేదాన్ని. ఇక్కడ లేను."

"ఒక్కరోజు కూడానా?" అంది టీచరమ్మ.

"ఒక్కరోజు కూడా."

మినహాయింపు రద్దు చెయ్యాలా అని కొత్తాయన ఓటు అడిగాడు. ముగ్గురూ చేతులెత్తారు. లానీ చెయ్యే చివర లేచింది. నెల్డా బయటికొచ్చి మెట్లు దిగింది. దేవుడి పేరు మీద ప్రమాణం చేసి అబద్ధమాడింది. ఆ మూడేళ్ళ పొద్దుటిపూటలన్నీ లేవని తన నోటితోనే చెప్పేసింది. ఇల్లు పోతుందన్న దానికంటే అదే ఎక్కువ బరువుగా తోచింది.

శుక్రవారం సాయంత్రం చర్చి హాల్లో పెద్ద తెర కట్టి ఊరంతా చూశారు. మూడో విడతలో, ఉత్తరాన చలిదేశంలో ఉండే జట్టు జొరెల్‌ని తీసుకుంది. హాలు కప్పు ఎగిరిపోయేటట్టు అరిచారు. తెర మీద వాడు తల్లిని పట్టుకుని ఏడుస్తున్నాడు. దేవుడికి, అమ్మకి, కోచ్‌కి, పెకాన్ ఫోర్డ్ జనానికి కృతజ్ఞతలు చెప్పాడు. నెల్డా పళ్ళరసం గ్లాసుతో వెనక వరసలో నిలబడింది. పక్కనున్నావిడ ఆమె భుజం తట్టి, మీ అద్దెకుర్రాడే కదా అంది.

జూన్‌లో ఇల్లు అమ్మేసింది. వేలంపాటలాగా సాగింది అమ్మకం, నాలుగు రోజుల్లో పదకొండు మంది వచ్చారు. ప్రకటనలో 'చాంపియన్ క్వార్టర్‌బ్యాక్ పెరిగిన ఇల్లు' అని వేశారు. అడిగినదానికంటే పద్దెనిమిది వేలు ఎక్కువిచ్చి డాలస్ నుంచి వచ్చిన కుటుంబం కొనుక్కుంది. వాళ్ళకి పదకొండేళ్ళ కొడుకున్నాడు, చెయ్యి మంచిదట. వెనకటి పన్ను, జరిమానా పోగా నెల్డాకి మిగిలింది తక్కువేం కాదు. కానీ ఆ డబ్బుతో పెకాన్ ఫోర్డ్‌లో కొనదగ్గ ఇల్లు ఒక్కటి లేదు, అద్దెలు అంతకంటే మండుతున్నాయి. సామాను జోయిస్ ఇంటికి చేరింది. ఎండాకాలం చివరికల్లా వడ్డీలు పెరిగి, బేరాలు చల్లబడి, ఊళ్ళో మళ్ళీ బోర్డులు వెలవడం మొదలైంది. సరైన సమయానికి అమ్ముకుంది, నక్కతోక తొక్కింది అన్నారు నెల్డాని.

అంతకుముందే, జూలై మొదటివారంలో జొరెల్ వచ్చాడు. వాడి కొత్త జట్టువాళ్ళు వాడు ఎక్కణ్ణించి వచ్చాడో చూపించే చిన్న చిత్రం తీస్తున్నారట. బడి మైదానం తీశారు, బస్సు తీశారు, ఇప్పుడు ఇల్లు. కొత్త ఇంటావిడ కార్లీ సంతోషంగా ఒప్పుకుంది. నెల్డాని కూడా రమ్మని జొరెల్ స్వయంగా ఫోన్ చేశాడు. రాకుండా ఉండటానికి ఆమెకి సాకు దొరకలేదు. రావాలనీ ఉంది.

వాకిట్లో వాడామెని నేలమీంచి ఎత్తేశాడు. భుజాలు తలుపంత వెడల్పయ్యాయి. "ఎందుకమ్మేశారు మిస్ నెల్డా? రెండు నెలలాగితే నేనే కొనేవాణ్ణి కదా," అన్నాడు చెవి దగ్గర.

"ధర వచ్చింది, అమ్మాను," అంది.

వంటింట్లో దీపాలు పెట్టారు. గోడలకి తెల్లరంగు వేసి, పాత గట్టు తీసి రాయి పరిచారు. అరలు మాత్రం పాతవే. షరీస్ కుళాయి దగ్గర నిలబడింది. మైకు పట్టుకున్న అమ్మాయి, ఈ గదిలో అడుగుపెడితే మొదట ఏం గుర్తొస్తుందని జొరెల్‌ని అడిగింది.

వాడి మొహం విప్పారింది. "గుడ్లు," అన్నాడు. "అయిదున్నరకి నాలుగు గుడ్లు. మిస్ నెల్డా ఇదిగో ఇక్కడ నిలబడి..."

"వాళ్ళమ్మ వేసేది," అంది నెల్డా.

మైకు అమ్మాయి తిరిగి చూసింది. కెమెరా కూడా తిరిగింది.

"నేనా రోజుల్లో మా చెల్లెలి దగ్గర ఉండేదాన్ని. ఇల్లు వీళ్ళకి అద్దెకిచ్చాను. మంచివాళ్ళు, నెల మొదటి తారీకుకల్లా అద్దె ఇచ్చేసేవారు." చెబుతూ ఆమె జొరెల్ కళ్ళలోకి చూసింది, చక్కెర డబ్బా జరిపి వాడి ఎత్తు కోసం ఎదురు చూసినట్టు. "పేరుకి ఇంటిదాన్ని. ఈ పిల్లవాణ్ణి పెంచింది వాళ్ళమ్మ."

వాడు తల్లివైపు చూశాడు. షరీస్ తలెత్తలేదు. పది సెకన్లలో మైదానమంతా చదివేసే కళ్ళు వాడివి. నెల్డా మొహాన్నీ, తల్లి వంచిన మెడనీ, తెల్లరంగు గోడల్నీ చూశాయి. నవ్వు మొహం మీంచి మెల్లగా దిగిపోయింది.

"అవునండి," అన్నాడు చివరికి, కెమెరాతో. "అమ్మ వేసేది."

ఆ తర్వాత ఏమేమో అడిగారు, వాడు పొడిపొడిగా చెప్పాడు. దీపాలు తీసేశాక వెనక వాకిట్లోకి వెళ్ళి, అందరికీ వీపు పెట్టి నిలబడ్డాడు. షరీస్ వాడి వెనకాలే మెట్ల దాకా వెళ్ళి, అక్కడే ఆగిపోయింది.

కార్లీ అందరికీ చల్లటి టీ పోయాలని చెంచాల సొరుగు లాగింది. అది సగంలో బిగుసుకుపోయింది. ఎంత లాగినా రాలేదు.

"వచ్చిన దగ్గర్నుంచీ ఇదే గొడవండి," అంది నెల్డాతో నవ్వుతూ. "దీనికేదైనా కిటుకుందా?"

ఎడమపక్క కొంచెం పైకెత్తి, లోపలికి నెట్టి, అప్పుడు లాగాలి. గార్లండ్ ఆ సొరుగు చేసిన మొదటిరోజే వంకర వచ్చింది, ముప్పై ఎనిమిదేళ్ళు ఆమె చెయ్యి దాన్ని అలాగే తెరిచింది. మైకు అమ్మాయి తీగలు చుట్టుకుంటూ ఇంకా అక్కడే ఉంది. నెల్డా చేతిసంచి రెండో చేతిలోకి మార్చుకుంది.

"తెలియదమ్మా," అంది. "నేనిక్కడ ఉండలేదు కదా."